గోడ మీద సుద్దగీత

బుధవారం పొద్దున మేక కార్జం కడగడం ఊర్మిళ పని. కడిగి, ఉప్పూ పసుపూ పట్టించి, మిరియాలు దంచి వేపి, తన కంచంలో తనే పెట్టుకుని తినాలి. అత్తగారు సూరమ్మ గడప మీద కూర్చుని, ఆఖరి ముక్క గొంతు దిగేదాకా చూస్తుంది. ఆ ఇంట్లో జబ్బు ఎవరిదో మందు కూడా వాళ్ళే వండుకోవాలి. జబ్బు పేరు రేచీకటి. అది డాక్టరు పెట్టిన పేరు కాదు. మొగుడు పెట్టింది.

రెండేళ్ళ కిందటి మాట. ఒక చలికాలం సాయంత్రం ఆమె పని నుంచి స్కూటరు మీద వస్తూ, గుఢియారీ రైల్వే క్వార్టర్ల మలుపులో చెత్తకుండీకి గుద్దుకుంది. ఆ రోజు మొగుడు మహేంద్ర బండిని చూడలేదు, ఆమె దెబ్బను చూడలేదు. భోజనం చేస్తూ, పప్పులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా, "నీకు రేచీకటి ఉన్నట్టుంది" అన్నాడు. "మీ అమ్మకి కూడా ఉండేదేమో. పెళ్ళప్పుడు దాచినారు." అంతే. పదిహేడేళ్ళ కాపురంలో అతను అన్న చాలా మాటల్లాగే అదీ ఇంట్లో మేకు దిగినట్టు దిగిపోయింది. దానికి ఎవరికి కావలసింది వాళ్ళు తగిలించుకున్నారు. సూరమ్మ కార్జం తగిలించింది. పక్క క్వార్టరు వాళ్ళు జాలి తగిలించారు. బిలాస్‌పూర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ఫణిశ్రీ ఫోను చేసి, "సాయంత్రం పూట నీ వెనక కూర్చోవద్దని నాన్న చెప్పాడమ్మా" అంది.

ఊర్మిళ నర్సు. అభన్‌పూర్ అవతల ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో పదకొండేళ్ళుగా చేస్తోంది. పసిపిల్లల నోట్లో విటమిను చుక్కలు వేసేది ఆమే. "పొద్దుగూకాక పిల్లాడు తడుముకుంటున్నాడా?" అని తల్లుల్ని అడిగేదీ ఆమే. అలాంటిది తనకి ఆ జబ్బు ఉందంటే నమ్మింది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళకపోలేదు. ఆయన రెండు కళ్ళలోకీ దీపం వేసి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. ఆ కాగితం తెచ్చి చూపిస్తే మహేంద్ర నవ్వాడు. "మిట్టమధ్యాహ్నం చూసి బాగున్నాయంటే ఎలాగ? నీకు కనపడంది చీకట్లో గదా." కాగితం బీరువాలో చీరల కిందికి పోయింది.

నమ్మడానికి ఆమె కారణం ఆమెకుంది. ధమ్‌తరీ రోడ్డు మీద డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది. ఎదురుగా లారీ వస్తుంది. దాని వెలుగు కళ్ళలో కొట్టి వెళ్ళిపోగానే గుండె దడదడమంటుంది. బండి వేగం తగ్గిస్తుంది. తగ్గించగానే ముందున్న రోడ్డు మాసిపోతుంది. ఇంకా భయం వేసి ఇంకా తగ్గిస్తుంది. రోడ్డు మరీ మాసిపోయి, ముందు చక్రం ముందర జానెడు పసుప్పచ్చటి వెలుతురు మరక మిగులుతుంది. భయపడ్డ ప్రతిసారీ ఇంతే. కాబట్టి భయమే వచ్చి తన కళ్ళను మూస్తోందని ఆమె అనుకుంది. పిరికిదానికి కళ్ళు కూడా పిరికివే అయి ఉంటాయనుకుంది. ఎవరూ చెప్పకుండానే ఆ లెక్క తేల్చుకుంది. ఆడదాన్ని పదేళ్ళు నీకేమీ రాదని అంటూ ఉంటే, పదకొండో ఏడు నుంచి ఆ పని ఆమే చేసుకుంటుంది. ఇంట్లో వాళ్ళకి నోరు నొప్పి తప్పుతుంది.

స్కూటరు కొన్నది మహేంద్రే. తోటి ఫిట్టరు అమ్ముతుంటే కొన్నాడు. కొత్తది తీసుకుందామంటే, "ఆడదాని చేతిలో పడ్డాక కొత్త బండయినా నెల తిరిగేసరికి పాతదే" అన్నాడు. అతను రైలు పెట్టెల్లో దీపాలూ ఫ్యాన్లూ బాగుచేసే ఫిట్టరు. పెట్టెలో ఒక్క బల్బు మిణుకుమన్నా మీటరు పెట్టి, వైరు వెంట పోయి, రోగం ఎక్కడుందో పట్టుకునే మనిషని షెడ్డులో పేరు. ఇంట్లో మాత్రం, కళ్ళ మాట పుట్టకముందు, దీపం సరిగా వెలగడం లేదేమోనని ఊర్మిళ అంటే, "నెమ్మదిగా పో, అదే సర్దుకుంటుంది" అనేవాడు. ఆమె నెమ్మదిగానే పోయేది.

నవంబరులో పడింది. రోడ్డు పక్కన కంకర పోశారు, కనపడలేదు. ఎడమ మోకాలి కింద అరచేతి వెడల్పున చర్మం లేచిపోయింది. పుండు మానింది గానీ ఆ చోట స్పర్శ తిరిగి రాలేదు. నొక్కితే తెలియదు, గిల్లితే తెలియదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆమె వేలు దానంతట అదే అక్కడికి పోతుంది. పడిన నెలకి మహేంద్ర రాజీనామా కాగితం తయారు చేయించుకొచ్చాడు. హిందీలో టైపు చేసి ఉంది. కింద సంతకానికి చోటు వదిలారు. "అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. పగటిపూట ఇంట్లో మనిషుండాలి. నీకా కళ్ళు లేవు. ఇంక ఎందుకు ఈ తిప్పలు? శుక్రవారం లోపు ఆలోచించుకుని సంతకం పెట్టు." గడువిచ్చేవాడు మంచివాడనిపించుకుంటాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి రోజూ చొక్కా మారుతోంది గానీ జేబులో కాగితం మారడం లేదు.

ఊర్మిళకి ఏడుపు రాలేదు. రావాలి కదా అని రెండు రోజులు ఎదురు చూసింది. పదకొండేళ్ళలో తన చేతుల మీద పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతూ దారిలో నమస్తే చెబుతారు. ఆ దారి ఇక ఉండదు. ఆ సంగతి మోకాలి కింద చర్మంలాగే ఉంది. నొక్కితే ఏమీ తెలియడం లేదు.

ఆ బుధవారం కార్జం తిని పనికి వెళ్ళింది. సాయంత్రం బయల్దేరబోతుంటే తోటి నర్సు లహరి వచ్చి నిలబడింది. లహరి ఉండేది మోవాలో. వాళ్ళూ తెలుగువాళ్ళే. ఈ మధ్యనే కొత్త స్కూటరు కొనుక్కుంది. పొద్దున తడి గచ్చు మీద జారి మణికట్టు బెణికి కట్టు కట్టుకుంది.

"అక్కా, మీ బండి ఇవాళ ఇక్కడే ఉంచండి. నా బండి మీద నన్ను దింపాలి."

"పొద్దు పోయింది లహరీ. నాకు కనపడదు."

"ఎవరు చెప్పారు?"

"మా ఆయన."

"మీ ఆయన కళ్ళ డాక్టరా?"

"ఫిట్టరు."

"బావుంది. పోయిన వారం కరెంటు పోతే నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. మోచెయ్యి చీరుకుని వచ్చిన పిల్లకి నాలుగు కుట్లు వేసిందెవరు? మీ అత్తగారు వచ్చి వేసి పోయారా?"

ఊర్మిళ ఆ సంగతి ఆలోచించలేదు. నాలుగు కుట్లు. ఫోను వెలుగులో. వంకర పోలేదు. ఆ రోజు కూడా పని ముగించి, చేతులు కడుక్కుని, చీకట్లో తనకి కనపడదనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

లహరిని వెనక కూర్చోబెట్టుకుని ఊర్మిళ ఆమె బండి ఎక్కింది. రోడ్డు మీదికి వచ్చి దీపం వేసింది. వేయగానే రోడ్డంతా వచ్చి ముందు పడుకుంది. అంచున ఎండిన గడ్డి కనపడింది. సైకిలు మీద పోతున్న ముసలాయన, ఆయన వెనక కట్టుకున్న గడ్డిమోపు, మోపుకి కట్టిన ఎర్ర తాడు కనపడ్డాయి. కంకర కుప్ప కనపడింది. తను పడిన కుప్పే. అది దాదాపు ఏనుగంత ఉంది. ఇంత పెద్దదా తనకి కనపడనిది? ఎదురుగా లారీ వచ్చింది. అలవాటు చొప్పున గుండె కొట్టుకుంది. అలవాటు చొప్పున వేగం తగ్గించింది. రోడ్డు మాసిపోతుందని ఎదురు చూసింది. మాసిపోలేదు. భయం భయంలాగే ఉంది. రోడ్డు రోడ్డులాగే ఉంది. రెండింటికీ సంబంధం లేదు.

కల్వర్టు దగ్గర బండి ఆపింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. ఒక్కో కన్నూ మూసి చూస్తున్నాను."

"రెండూ ఒకేసారి మూయకండి. నాకింకా పెళ్ళి కాలేదు."

కుడి కన్ను మూసింది. కల్వర్టు గోడ మీద ఎవరో సున్నంతో రాసిన అంకె కనపడింది. ఎడమ కన్ను మూసింది. అదే అంకె. రెండూ తెరిచి మోవా దాకా నడిపింది. అక్కడ బండి అప్పజెప్పి ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళింది. బండి ఏదని మహేంద్ర అడిగితే, ఆగిపోయిందంది. "ఎలాగూ శుక్రవారం తర్వాత దానితో పని లేదు గదా" అన్నాడు అతను.

గురువారం పొద్దున బస్సులో వెళ్ళింది. ఆరోగ్య కేంద్రానికి ఎదురుగా ఖేమ్‌లాల్ అని మెకానిక్కు ఉన్నాడు. యాభై ఏళ్ళవాడు, హిందీలో తక్కువగా మాట్లాడతాడు, ఛత్తీస్‌గఢీలో ఎక్కువగా తిడతాడు. అతని కోడలికి కాన్పు చేసింది ఊర్మిళే. బండి తోసుకెళ్ళి, దీపం సంగతి ఏమిటో తనకి అర్థమయ్యేలా చెప్పమంది. బాగుచెయ్యమని కాదు, ముందు చెప్పమంది.

ఖేమ్‌లాల్ బండిని షెడ్డులో నీడకి లాగి, ఇంజను వేసి, దీపం వెలిగించాడు. అరచెయ్యి దీపానికి అడ్డం పెట్టాడు. "ఎక్సలేటరు తిప్పండి దీదీ." తిప్పింది. అతని అరచెయ్యి వెలిగింది. గీతలు కనపడ్డాయి. "వదిలెయ్యండి." వదిలింది. అరచెయ్యి ఆరిపోయినట్టు మాసిపోయింది. ఊర్మిళ మళ్ళీ తిప్పింది, మళ్ళీ వదిలింది. ఖేమ్‌లాల్ చెయ్యి తీయలేదు. ఆమె ఆరుసార్లు అలా చేసింది.

"ఈ పాత బండికి దీపం కరెంటు నేరుగా ఇంజను కాయిల్ నుంచి వస్తుంది దీదీ. ఇంజను ఎంత తిరిగితే అంత వెలుగు. గతుకు వచ్చిందని వేగం తగ్గిస్తారు చూడండి, వెలుగు కావలసినప్పుడే అది పోతుంది."

"అంటే భయపడి నెమ్మదిస్తే?"

"ఇంకా చీకటి. నెమ్మదిగా పొమ్మని ఎవరైనా చెప్పారా మీకు?"

అతను మీటరు తెచ్చి, ఇంజను గట్టిగా తిప్పి ముందు కాయిల్ దగ్గర పెట్టాడు. పదమూడు వోల్టులు చూపించింది. అదే మీటరు బల్బు దగ్గర పెట్టాడు. ఎనిమిదిన్నర. "మిగతాది దారిలోనే పోతోంది. ఎక్కడో తినేస్తున్నారు" అని ముందు మూత స్క్రూలు విప్పాడు. లోపల అద్దం వెనక గిన్నె మెరుపు పోయి పాత సత్తు మూకుడులా ఉంది. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు. వైర్ల కట్ట మధ్యలో ఒక అతుకు. కాలింగ్ బెల్లుకి వాడే సన్నటి తీగ, జానెడు ముక్క, దాని మీద నల్లటి గుడ్డ టేపు చుట్టి ఉంది.

"ఈ తీగ మీద ఇంత కరెంటా? వేసినవాడు పని తెలియనివాడు కాదు, అతుకు చూడండి ఎంత శుభ్రంగా ఉందో. పని ఎగ్గొట్టినవాడు." టేపు గోటితో లేపాడు. "ఇది బజారులో దొరికే టేపు కాదు. రైలు పెట్టెల్లో వాడతారు."

ఆ టేపు చుట్ట వంటింటి కిటికీ ఊచకి వేలాడుతూ ఉంటుంది. ఊరగాయ జాడీ మూతకి పగులొస్తే ఊర్మిళ దానితోనే చుట్టింది. తీగ ముక్కని అడిగి తీసుకుని, టేపుతో సహా సంచీలో వేసుకుంది. ఎందుకని ఖేమ్‌లాల్ అడగలేదు. అడిగి ఉంటే ఆమెకీ తెలియదు.

సాయంత్రం నాలుగింటికి బండి సిద్ధమైంది. దళసరి వైరు వేశాడు. ఎర్త్ దగ్గర రంగు గీకి ఇనుము తేల్చి గట్టిగా బిగించాడు. కొత్త గిన్నె, కొత్త బల్బు పెట్టాడు. ఇప్పుడు దీపం కాయిల్ నుంచి కాక, మధ్యలో రిలే అనే ఒక చిన్న స్విచ్చు మీదుగా బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటుంది. "వేగం తగ్గినా వెలుగు తగ్గదు. కాకపోతే బ్యాటరీ చిన్నది. బజారులో నిలబడినప్పుడు దీపం ఆర్పండి" అన్నాడు. దీపం ఎటు చూడాలో సరిచేసుకోవడం మాత్రం ఇంటి దగ్గర, పొద్దుగూకాక చేసుకోవాలట. గోడకి ఇరవై అయిదు అడుగుల దూరంలో సమంగా ఉన్న నేల మీద బండి నిలబెట్టాలి. దీపం ఎంత ఎత్తున ఉందో గోడ మీద అంత ఎత్తున ఒక గీత. దానికి బెత్తెడు కిందకి ఇంకో గీత. కింది వెలుగు వేసినప్పుడు దాని పైఅంచు ఆ రెండో గీత మీద కూర్చోవాలి. "పైకి పెడితే ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది, మీకు రోడ్డు కనపడదు. ఇంకోటి. బండి మీద ఎవరైనా కూర్చోవాలి. ఉత్త బండికి సరిచేస్తే, మీరెక్కాక దీపం ఆకాశం చూస్తుంది."

ఆమె పెందరాళే బయల్దేరి అయిదున్నరకి గుఢియారీ చేరింది. సందు చివర రైల్వే వాళ్ళ పాత గోడౌను గోడ ఉంది. తెల్ల సున్నం. కొలుచుకుని సుద్దతో గీతలు గీసింది. బండి స్టాండు తీసి రెండు చక్రాల మీదా నిలబెట్టాక కూర్చోవడానికి మనిషి లేదు. అరుగు మీద సూరమ్మ ఉంది.

"అత్తా, వచ్చి దీని మీద కూర్చోండి."

"నానా? ఏటే, నన్ను చంపీసి ఉజ్జోగానికి పోదామనా?"

"బండి కదలదు. బ్రేకు పట్టుకుని కూర్చోండి చాలు."

మోకాళ్ళు పనిచెయ్యని సూరమ్మ గబగబా వచ్చింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఊర్మిళ భుజం పట్టుకుని ఎక్కి, కాళ్ళు నేలకి ఆనించి, రెండు బ్రేకులూ బిగించి కూర్చుంది. డెబ్భై ఏళ్ళలో ఆమె బండి ముందు సీటు ఎక్కడం అదే మొదలు. కోడలికి కనపడకుండా ఒకసారి హారను నొక్కి చూసింది. ఊర్మిళ దీపం వేసింది. గోడ తెల్లగా లేచింది. వెలుగు అంచు మొదటి గీత కన్నా పైన ఉంది. కూర్చుని, దీపం కింద ఉన్న స్క్రూ తిప్పడం మొదలుపెట్టింది.

"ఓలమ్మ, ఇంత ఎలుగు ఇచ్చే బండా ఇది? మరి ఆడు గుడ్డి బండన్నాడే."

స్క్రూ ఆగింది. "ఎవరు?"

"మహేంద్రే. నా మోకాలి మందుకని సీకట్లో నీ బండి తీసుకెళ్నాడు. బాగు సేసినానన్నాడు, మరి సగం తోవ తోసుకునే ఒచ్చినాడు. 'ఇది గుడ్డి బండమ్మా, తోవే కానరాదు' అన్నాడు."

"ఎప్పుడు?"

"నీకు కార్జం మొదలెట్టకముందు."

ఊర్మిళ గోడ వైపే చూస్తోంది. "మరి బండి గుడ్డిదని తెలిసి నాకెందుకు పెట్టారు అత్తా, కార్జం?"

సూరమ్మ నిజాయితీగానే ఆలోచించింది. "తింటే సెడ్డేటి? ఒంటికి బలం. బండికి నానేటి పెట్టగల్ను?"

అప్పుడే మహేంద్ర డ్యూటీ నుంచి వచ్చాడు. చేతిలో క్యారియరు. సందులో వెలుగు చూసి, తల్లి బండెక్కి ఉండడం చూసి, గోడకీ బండికీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. సగమే దించిన దీపం కాబట్టి వెలుగు అతని జేబు దాకా వచ్చి ఆగింది. జేబులో నాలుగు మడతల కాగితం అంచు తెల్లగా కనపడింది. మొహం పైన, చీకట్లో ఉండిపోయింది.

"ఏటీ తమాషా? అమ్మ పడితే?"

ఊర్మిళ సంచీలోంచి తీగ ముక్క తీసి దీపం ముందు పట్టుకుంది. "ఇది మీరు వేసిందేనా?"

"వైరు తెగింటే వేశాను. అయితే?"

"వేశాక నడిపి చూశారు. తోవ కనపడలేదు."

మహేంద్ర, తను కాక ఎదుటి మనిషే తప్పు చేసినప్పుడు మాట్లాడే గొంతుతో అన్నాడు. "కనపడలేదు. చెబితే ఏం చేసేదానివి? ఉజ్జోగం మానేదానివా? బండి మార్పించేదానివి. అంతే గదా." జేబులోంచి కాగితం తీశాడు. "ఇవన్నీ ఇప్పుడెందుకు? సంతకం పెట్టు. రేపు నేనే వెళ్ళి ఇచ్చేస్తాను."

ఊర్మిళ కోపం కోసం ఎదురు చూసింది. రాలేదు. వేలు మోకాలి కిందికి పోయింది. అక్కడ కూడా ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక లెక్క. అతనికి రెండేళ్ళ నుంచీ తెలుసు. బుధవారం బుధవారం గడప మీద కూర్చుని ముక్కలు లెక్కపెట్టిన ముసలమ్మకీ తెలుసు. ఆ ఇంట్లో ఊర్మిళకి రేచీకటి ఉందని నమ్మింది ఊర్మిళ ఒక్కతే.

వెలుగు అంచు రెండో గీతకి ఇంకా పైనే ఉన్నట్టుంది. సరిగా తెలియడం లేదు. గీత అతని నీడలో ఉంది.

"జరగండి" అంది.

"సంతకం?"

"రేపు నాకు డ్యూటీ ఉంది. జరగండి. గీత కనపడటం లేదు."

బండి మీద సూరమ్మ బ్రేకులు ఇంకా బిగించే పట్టుకుంది. "జరగరా. సేతులు పీకుతున్నాయి" అంది.

మహేంద్ర జరిగాడు.